బ్రిటన్ సామాజిక వైఖరుల సర్వే: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఈ కోర్సు అసైన్‌మెంట్లు దిద్దిన సంవత్సరాల్లో ఒక వాక్యం నాకు తరచుగా ఎదురయ్యేది: ‘2011లో బ్రిటన్ ప్రజల్లో 62 శాతం మంది నిరుద్యోగులకు భృతి ఇవ్వడాన్ని వ్యతిరేకించారు.’ ఇందులో సంవత్సరం సరిగానే ఉంది. అంకె కూడా సరైనదే. వాక్యం మాత్రం తప్పు. ఆ 62 శాతం మందిని భృతి ఇవ్వాలా వద్దా అని అడగలేదు. వారి ముందు రెండు వాక్యాలుంచి, మీ అభిప్రాయానికి ఏది దగ్గరగా ఉందో చెప్పమన్నారు. మొదటి వాక్యం ప్రకారం నిరుద్యోగులకిచ్చే భృతి మరీ తక్కువ, దానివల్ల వారు ఇబ్బందుల పాలవుతున్నారు. రెండవ వాక్యం ప్రకారం భృతి మరీ ఎక్కువ, దానివల్ల ఉద్యోగం వెతుక్కోవాలన్న ఉత్సాహం తగ్గిపోతోంది. 62 శాతం మంది రెండవ వాక్యాన్ని ఎంచుకున్నారు. భృతి ఎక్కువైందనడం వేరు, భృతే వద్దనడం వేరు.

విద్యార్థులను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పత్రికలు, రాజకీయ నాయకులు కూడా సర్వే అంకెలను చాలాసార్లు ఇంతకంటే జాగ్రత్తగా చదవరు. బ్రిటన్‌లో 2012లో సంక్షేమ సంస్కరణల చట్టం వచ్చింది. 2013 నుంచి ఒక కుటుంబానికి అందే మొత్తం భృతులపై గరిష్ఠ పరిమితి అమలైంది. ప్రజలు తమ వెంటే ఉన్నారని చెప్పుకోవడానికి ప్రభుత్వాలకు ఇలాంటి అంకెలు బాగా పనికివస్తాయి. అంటే సర్వే అంకెను ఎలా చదివామన్నది పరీక్షలో మార్కుల విషయం మాత్రమే కాదు. దానిమీద కొన్ని కుటుంబాల ఇంటి అద్దె, పిల్లల భోజనం ఆధారపడి ఉంటాయి.

ఈ భాగంలో ‘బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్’ అనే సర్వేను ఉదాహరణగా తీసుకుని, ఇలాంటి సర్వే ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో పరిశీలిద్దాం.

సర్వే నేపథ్యం

బ్రిటన్‌లో ప్రజాభిప్రాయాన్ని క్రమపద్ధతిలో తెలుసుకునే ప్రయత్నాలు 1930ల చివరలో మొదలయ్యాయి. అమెరికాలో జార్జ్ గాలప్ ప్రవేశపెట్టిన పద్ధతిని హెన్రీ డ్యూరంట్ బ్రిటన్‌కు తెచ్చాడు. 1945 ఎన్నికల్లో చర్చిల్ ఓడిపోతాడని చాలామంది ఊహించలేదు. అయితే న్యూస్ క్రానికల్ పత్రికలో వచ్చిన గాలప్ సర్వే లేబర్ పార్టీ ముందంజలో ఉందని చెప్పింది, ఫలితం కూడా అలాగే వచ్చింది. ఆ రోజుల్లోనే, 1937లో, టామ్ హారిసన్, చార్లెస్ మ్యాడ్జ్, హంఫ్రీ జెన్నింగ్స్ అనే ముగ్గురు ‘మాస్ అబ్జర్వేషన్’ అనే సంస్థను ప్రారంభించారు. వీరి దారి వేరు. మద్యశాలల్లో, వీధుల్లో మనుషులు మాట్లాడుకునే మాటలను పరిశీలకులు రాసుకునేవారు. సామాన్యుల చేత దినచర్యలు రాయించేవారు. శాతాలు లెక్కగట్టే పద్ధతే తరువాతి కాలంలో నిలదొక్కుకుంది. మాటలు వినే పద్ధతి వెనుకబడింది. ఈ నష్టం సంగతి కింద మళ్లీ వస్తుంది.

బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే 1983లో మొదలైంది. దక్షిణాఫ్రికాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన రోజర్ జోవెల్ దీనికి మూలపురుషుడు. ఆయన, సహచరులు 1969లో స్థాపించిన పరిశోధన సంస్థే నేటి నేషనల్ సెంటర్ ఫర్ సోషల్ రీసెర్చ్. మొదటి ఏడాది 1,700 మందికి పైగా సమాధానాలిచ్చారు. తరువాతి కాలంలో ఈ సంఖ్య సాధారణంగా 3,000కు అటూ ఇటూగా ఉంటూ వచ్చింది. 1988, 1992 సంవత్సరాల్లో మాత్రం ఎన్నికల అధ్యయనం కారణంగా ఈ సర్వే జరగలేదు.

ఎన్నికల ముందు పత్రికల్లో వచ్చే సర్వేలకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా మనుషులను ఎంపిక చేసే విధానంలో ఉంది. ఇక్కడ ఇష్టపడి ముందుకు వచ్చినవారిని తీసుకోరు. మొదట్లో ఓటర్ల జాబితా నుంచి, 1993 నుంచి తపాలా శాఖ చిరునామాల జాబితా నుంచి యాదృచ్ఛికంగా చిరునామాలు ఎంచుకుంటారు. 2019 వరకు ఆ ఇంట్లో ఒక వయోజనుణ్ణి కూడా యాదృచ్ఛికంగానే ఎంచుకునేవారు. ఆ మనిషి దొరికే వరకు సర్వే కార్యకర్త మళ్లీ మళ్లీ తలుపు తట్టాల్సి వచ్చేది. ఎంచుకున్నవారు దొరకలేదని పక్కింటివారిని అడగడానికి వీలుండేది కాదు. చాలా ఖర్చుతో, ఓపికతో కూడిన పని అది.

ఆ ఓపికకు దక్కిన ఫలితం 2015లో స్పష్టంగా కనిపించింది. ఆ ఏడాది మే నెలలో జరిగిన ఎన్నికలకు ముందు వచ్చిన సర్వేలు కన్సర్వేటివ్, లేబర్ పార్టీలు దాదాపు సరిసమానంగా ఉన్నాయని చెప్పాయి. కన్సర్వేటివ్‌లు 6 శాతాంశాలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఎన్నికల తరువాత జరిగిన సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో, మీరు ఏ పార్టీకి ఓటు వేశారని అడిగితే, కన్సర్వేటివ్‌ల ఆధిక్యం సుమారు 6 శాతాంశాలుగా తేలింది. అంటే దాదాపు అసలు ఫలితమే. రాజకీయ శాస్త్రవేత్త జాన్ కర్టిస్ ఈ సమాచారాన్ని విడదీసి చూశాడు. సర్వే కార్యకర్త మొదటిసారి వెళ్లినప్పుడే దొరికినవారిలో లేబర్ పార్టీ 6 శాతాంశాలు ముందుంది. మూడు నుంచి ఆరుసార్లు తిరిగితే గాని దొరకనివారిలో కన్సర్వేటివ్ పార్టీ 11 శాతాంశాలు ముందుంది. ఒకే సర్వే, ఒకే ప్రశ్న. ఒకసారి తలుపు తట్టి వదిలేసి ఉంటే గెలిచిన పార్టీయే మారిపోయేది. ఎన్నికల ముందు సర్వేల వైఫల్యంపై వేసిన విచారణ బృందం కూడా ప్రధాన లోపం నమూనాలోనే ఉందని 2016లో తేల్చింది.

ఈ ఒక్క ఉదాహరణ బాగా అర్థమైతే నమూనా ఎంపికపై మీరు చదివిన అధ్యాయం సగం అర్థమైనట్లే. నమూనాలో ఎంతమంది ఉన్నారన్నది చాలామంది అడుగుతారు. దొరకనివారి కోసం ఎన్నిసార్లు తిరిగారన్నది ఎవరూ అడగరు.

ప్రశ్నలోనే ఉన్న చిక్కు

సరైన మనుషులు దొరికారనుకుందాం. ఇక వారిని ఏమని అడగాలి? నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

ముందు చెప్పిన భృతి ప్రశ్నను మళ్లీ చూడండి. అందులో ఉన్నవి రెండు జవాబులే అయినా, ఒక్కొక్క జవాబులో రెండేసి మాటలు ముడిపడి ఉన్నాయి. భృతి పరిమాణం ఒకటి, దాని పర్యవసానం మరొకటి. భృతి తక్కువగానే ఉంది, అయినా కొందరు దానికి అలవాటుపడి పని వెతుక్కోవడం లేదని నమ్మేవారు ఉంటారు. భృతి ఎక్కువే, అయినా పని దొరకకపోవడానికి కారణం అది కాదు, ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడటం అని అనుకునేవారూ ఉంటారు. వీరు ఏ వాక్యాన్ని ఎంచుకోవాలి? ఎవరైనా తమంతట తాముగా ‘రెండూ కాదు’ అంటేనో, ‘రెండూ నిజమే’ అంటేనో రాసుకునే ఏర్పాటు సర్వేలో ఉంది. కాని ఆ దారి ఉందని ప్రశ్న వారికి చెప్పదు. రెండు గుమ్మాలే చూపిస్తే జనం ఆ రెండింటిలోంచే వెళతారు.

ప్రశ్న ఇంత లోపభూయిష్ఠంగా ఉంటే దాన్ని ఎందుకు మార్చలేదన్న సందేహం మీకు రావచ్చు. మారిస్తే పాత సంవత్సరాలతో పోల్చడానికి వీలుండదు. 1983లో ఇదే ప్రశ్నకు 46 శాతం మంది భృతి తక్కువన్నారు, 35 శాతం మంది ఎక్కువన్నారు. 2011లో ఎక్కువన్నవారు 62 శాతం. ప్రశ్నలో లోపం రెండుసార్లూ ఒకేలా ఉంది కాబట్టి, జవాబులో వచ్చిన మార్పుకు ఆ లోపం ఒక్కటే కారణం కాజాలదు. 1983లో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షల స్థాయిలో ఉంది. చాలా కుటుంబాలకు నిరుద్యోగం అన్నమాట తండ్రి, అన్న, పక్కింటివాడు. ఆ తరువాతి దశాబ్దాల్లో అది దూరపు సంగతి అయింది. రాజకీయ పార్టీల భాష కూడా మారింది. టోనీ బ్లెయిర్ నాయకత్వంలోని లేబర్ పార్టీయే హక్కులతోపాటు బాధ్యతల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. 35 నుంచి 62కు జరిగిన ప్రయాణంలో ఈ చరిత్ర అంతా ఉంది. ఒంటరిగా నిలబెట్టిన 62లో అది కనిపించదు.

మతం విషయంలో వచ్చిన తేడా ఇంకా విచిత్రమైనది. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ ప్రజలను ‘మీ మతం ఏది?’ అని అడిగారు. 59.3 శాతం క్రైస్తవులమన్నారు, 25.1 శాతం ఏ మతమూ లేదన్నారు. అదే కాలంలో సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో ఏ మతమూ లేదన్నవారు దాదాపు సగం మంది. ఇంత వ్యత్యాసం ఎలా వచ్చింది? స్కాట్లాండ్ కూడా సర్వేలో ఉండటం చిన్న కారణం. జనాభా లెక్కల ఫారాన్ని ఇంటిపెద్ద అందరి తరఫున నింపడం ఇంకొక కారణం. పెద్ద కారణం ప్రశ్న. ‘మీ మతం ఏది?’ అన్నప్పుడు మతం ఏదో ఒకటి ఉందన్న భావన ప్రశ్నలోనే దాగి ఉంది. సర్వే మొదట ‘మీరు ఏదైనా ఒక మతానికి చెందినవారిగా భావిస్తున్నారా?’ అని అడిగి, అవునన్నవారినే ఏ మతమని అడుగుతుంది. చిన్నప్పుడు చర్చిలో బాప్తిస్మం పొంది, పెళ్లికీ అంత్యక్రియలకూ తప్ప చర్చి మెట్లెక్కని మనిషి మొదటి ప్రశ్నకు క్రైస్తవుడు, రెండవ ప్రశ్నకు మతం లేనివాడు. అతడు రెండుచోట్లా అబద్ధం చెప్పలేదు.

కొన్ని ప్రశ్నల్లో ఒక్క పదమే సమస్య. సర్వేలో చాలాకాలంగా ఉన్న ఒక ప్రశ్న, ఇతర జాతులవారి పట్ల మీకు ద్వేషభావం చాలా ఉందా, కొద్దిగా ఉందా, అసలు లేదా అని అడుగుతుంది. చాలా లేదా కొద్దిగా ఉందన్నవారు 2001లో 25 శాతం, 2011లో 38 శాతం, 2013లో 30 శాతం. ఇక్కడ మనిషి తనకు తానే ముద్ర వేసుకోవాలి. అదీ, 2020కి ముందైతే, ఎదురుగా కూర్చున్న అపరిచితుడి ముందు. 2017లో నేషనల్ సెంటర్, రన్నీమీడ్ ట్రస్ట్ కలిసి వెలువరించిన నివేదిక దీన్ని మరొక ప్రశ్నతో పోల్చింది. తమకు జాతి ద్వేషం ఉందని ఒప్పుకున్నవారు 26 శాతం. కాని కొన్ని జాతులవారు పుట్టుకతోనే ఎక్కువ కష్టపడే స్వభావం గలవారా అని వేరొక సర్వేలో అడిగినప్పుడు, అవునన్నవారు 44 శాతం. రెండవ ప్రశ్నలో ‘ద్వేషం’ అన్న మాట లేదు. జాతిని బట్టి మనిషి గుణాన్ని నిర్ణయించడం కూడా వివక్షకు పునాదే అని తమకు తోచనివారు ఆ ప్రశ్నకు నిస్సంకోచంగా తల ఊపారు. మరి బ్రిటన్‌లో జాతి వివక్షా భావం ఉన్నవారు నాలుగో వంతా, సగానికి దగ్గరా? ప్రశ్న చెప్పకుండా ఎవరైనా దీనికి జవాబు చెబితే నమ్మకండి.

ప్రశ్నలను వరుసగా పేర్చి కావలసిన జవాబు రాబట్టడాన్ని బీబీసీ హాస్యధారావాహిక ‘యెస్, ప్రైమ్ మినిస్టర్’ 1986లో ఒక సన్నివేశంలో చూపించింది. నిర్బంధ సైనిక సేవపై ఒకే మనిషి చేత ముందు ఔననిపించి, వెంటనే కాదనిపిస్తాడు అందులోని సీనియర్ అధికారి. పరిశోధన పద్ధతుల తరగతిలో నేను ఈ సన్నివేశాన్ని చాలాసార్లు వర్ణించి చెప్పాను. అందరూ నవ్వేవారు. కాని దానివల్ల ఒక చెడు కూడా జరిగింది. సర్వేలన్నీ ఇలాంటి మోసాలేనన్న అభిప్రాయంతో కొందరు తరగతి నుంచి వెళ్లేవారు. అది కూడా పొరపాటే.

ప్రజాభిప్రాయం అనేది లేదా?

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్దియు 1973లో ప్రచురించిన వ్యాసంలో, సర్వేలు చెప్పే అర్థంలో ప్రజాభిప్రాయం అనేది ఉనికిలోనే లేదని వాదించాడు. సర్వేలు మూడు విషయాలను రుజువు లేకుండానే అంగీకరిస్తాయని ఆయన విమర్శ. ప్రతి ఒక్కరికీ ప్రతి విషయంపైనా అభిప్రాయం ఉంటుంది, అన్ని అభిప్రాయాలకూ సమానమైన బరువు ఉంటుంది, ఏ ప్రశ్నలు అడగదగినవో అన్నదానిపై సమాజంలో ఏకాభిప్రాయం ఉంది. మూడూ నిజం కావని ఆయన అన్నాడు.

మూడవ మాట బ్రిటన్ సర్వేకు బాగా వర్తిస్తుంది. ఇన్నేళ్లు ఈ సర్వే నడవడానికి ధార్మిక నిధులు తోడ్పడ్డాయి. దానితోపాటు ప్రభుత్వ శాఖలు, పరిశోధన మండళ్లు తమకు కావలసిన ప్రశ్నల విభాగాలకు డబ్బు చెల్లిస్తాయి. అంటే భృతి తీసుకునేవారి గురించి ప్రజలు ఏమనుకుంటున్నారన్నది తెలుసుకోవడానికి డబ్బు పెట్టేవారు దొరుకుతారు. భృతి తీసుకునేవారు ఏయే ప్రశ్నలు అడగాలనుకుంటున్నారో తెలుసుకోవడానికి దొరకడం కష్టం. మాస్ అబ్జర్వేషన్ వెనుకబడటం వల్ల జరిగిన నష్టమని పైన అన్నది ఇదే. మద్యశాలలో కూర్చున్న మనిషి తనకు ముఖ్యమైన సంగతి తానే ఎత్తుకుంటాడు. సర్వేలో ఎవరో ఎత్తిన సంగతికి జవాబిస్తాడు.

అయినా బోర్దియు తీర్పును నేను పూర్తిగా ఒప్పుకోను. ఒకే ప్రశ్నను, అవే మాటలతో, నలభై ఏళ్లపాటు అడిగినప్పుడు ఏమవుతుందో ఆయన పరిగణనలోకి తీసుకోలేదు. ఈ సర్వే అప్పటికి లేదు కూడా.

స్వలింగ సంబంధాలపై అడిగిన ప్రశ్న ఇందుకు మంచి ఉదాహరణ. ఇద్దరు వయోజనుల మధ్య స్వలింగ లైంగిక సంబంధం ఎల్లప్పుడూ తప్పా, చాలావరకు తప్పా, కొన్నిసార్లు తప్పా, అరుదుగా తప్పా, అసలు తప్పే కాదా అన్నది ప్రశ్న. దీనిలోనూ లోపం చూపవచ్చు. తప్పు అన్న మాటతోనే జవాబులన్నీ కొలవడం దేనికి? ఆ విమర్శను పక్కనబెట్టి అంకెలు చూడండి. 1983లో ‘ఎల్లప్పుడూ తప్పే’ అన్నవారు 50 శాతం, ‘అసలు తప్పు కాదు’ అన్నవారు 17 శాతం. 1987 నాటికి మొదటి అంకె 64కు పెరిగింది, రెండవది 11కు పడిపోయింది. అవి ఎయిడ్స్ భయం దేశమంతా అలుముకున్న రోజులు. మరుసటి ఏడాదే స్థానిక సంస్థలు స్వలింగ సంపర్కాన్ని ప్రోత్సహించరాదన్న ‘సెక్షన్ 28’ చట్టమైంది. పాఠశాలల్లో ఆ విషయం మాట్లాడటానికే ఉపాధ్యాయులు జంకిన కాలమది. 1987 సర్వేను మాత్రమే చూసినవారు బ్రిటన్ సమాజం స్వభావమే ఇంత అని తేల్చి ఉండేవారు. 2012కు వచ్చేసరికి ‘అసలు తప్పు కాదు’ అన్నవారు 47 శాతం, 2022లో 67 శాతం. పాత తరం వెళ్లిపోయి కొత్త తరం రావడం వల్ల మాత్రమే ఇలా జరగలేదు. 1980లలో తప్పన్న తరాలవారిలోనే చాలామంది తరువాత అభిప్రాయం మార్చుకున్నారు. 2004లో స్వలింగ జంటలకు చట్టబద్ధమైన భాగస్వామ్యాన్ని, 2013లో ఇంగ్లండ్, వేల్స్‌లలో వివాహాన్ని పార్లమెంటు ఆమోదించింది.

ఇక్కడ చట్టం ముందు నడిచిందా, అభిప్రాయం ముందు నడిచిందా అన్నది మీ చర్చకు వదిలేస్తాను. మరణశిక్ష విషయంలో మాత్రం సందేహం లేదు. బ్రిటన్ పార్లమెంటు 1965లో హత్యా నేరానికి ఉరిశిక్షను నిలిపివేసి, 1969లో ఆ నిర్ణయాన్ని శాశ్వతం చేసింది. ఇరవై ఏళ్లు గడిచాక 1986లో కూడా, కొన్ని నేరాలకు మరణశిక్షే తగినదని 75 శాతం మంది అన్నారు. ఆ మద్దతు సగానికి దిగువకు, 48 శాతానికి రావడం 2014లో గాని జరగలేదు. శాతాలనే ఆజ్ఞలుగా తీసుకునే పార్లమెంటు అయితే ఉరికంబం అక్కడ మరో అర్ధ శతాబ్దం ఉండేది.

కాబట్టి ఒక సంవత్సరపు శాతం కంటే, మారని ప్రశ్నకు మారుతూ వచ్చిన జవాబుల వరుసనే నేను ఎక్కువగా నమ్ముతాను. అయితే ఆ వరుస కూడా తెగిపోయే ప్రమాదం లేకపోలేదు. 2020లో కోవిడ్ వల్ల ఇంటింటికీ వెళ్లడం ఆగిపోయి, ఉత్తరం అందుకున్నవారు ఆన్‌లైన్‌లో జవాబిచ్చే పద్ధతి వచ్చింది. మనిషి ముఖం చూస్తూ చెప్పే జవాబు, తెర మీద ఒంటరిగా నొక్కే జవాబు ఒకటేనా? జాతి ద్వేషం లాంటి ప్రశ్నల్లో ఒకటి కాకపోవచ్చు. అందుచేత 2019కి ముందూ 2020 తరువాతా అంకెలను పోల్చేటప్పుడు, మారింది సమాజమా, కొలిచే పద్ధతా అని ప్రతిసారీ ఆగి చూడవలసిందే.

లెక్కలోకి రానివారు

చివరిగా, ఈ సర్వేలో ‘బ్రిటన్’ అంటే ఎవరో చూడండి. ఇది ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లకే పరిమితం. ఉత్తర ఐర్లాండ్‌కు 1998 నుంచి వేరొక సర్వే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో భారత సంతతివారు సుమారు 2.5 శాతం. 3,000 మంది నమూనాలో ఆ లెక్కన 75 మంది వస్తారు. మొత్తం 3,000 మందిపై చెప్పే శాతంలో 2 శాతాంశాల లోపు తేడా ఉంటే, ఈ 75 మందిపై చెప్పే శాతంలో అటూ ఇటూ 11 శాతాంశాల వరకు తేడా ఉండవచ్చు. 50 శాతం అని వస్తే నిజం 39 కావచ్చు, 61 కావచ్చు. ఇక అందులో తెలుగువారు ఎందరు? ఒక చేతి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన కుటుంబాలు, చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు వలస గురించి, పన్నుల గురించి, వృద్ధుల సంరక్షణ గురించి ఏమనుకుంటున్నారో ఈ సర్వే చెప్పలేదు. వలస వచ్చినవారి గురించి మిగిలినవారు ఏమనుకుంటున్నారో మాత్రం ఏళ్ల తరబడి వివరంగా చెబుతుంది.

సర్వేది మోసమని దీనర్థం కాదు. యాదృచ్ఛిక నమూనాలో చిన్న సమూహాలకు వాటి జనాభా మేరకే చోటు దొరుకుతుంది. వారి గురించి తెలుసుకోవాలంటే ఆ సమూహం నుంచి అదనంగా మనుషులను ఎంచుకునే ప్రత్యేక సర్వే కావాలి, దానికి ప్రత్యేకంగా డబ్బు కావాలి. ఏ సమూహంపై అలాంటి డబ్బు ఖర్చు పెట్టారో, ఏ సమూహంపై పెట్టలేదో చూడటం కూడా సర్వేను చదవడంలో భాగమే.

అభ్యాసం: మీరు చదివే దినపత్రికలో శాతంతో మొదలయ్యే ఏదైనా సర్వే వార్తను కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించండి. అడిగిన ప్రశ్న పూర్తి పాఠం, ఇచ్చిన జవాబులు, సమాధానదారులను ఎంచుకున్న పద్ధతి ఆ వార్తలో ఉన్నాయేమో వెతకండి. ప్రశ్న లేకపోతే, అదే శాతం రావడానికి వీలున్న రెండు వేర్వేరు ప్రశ్నలను మీరే రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.